నోరున్న బట్ట

జాంజిబార్‌లో ఇరుగుపొరుగు ఆడవాళ్లిద్దరికి పడదనుకోండి. ఒకామె కొత్త కాంగా కట్టుకుని పక్కింటి గుమ్మం ముందునుంచి తాపీగా నడిచి వెళ్తుంది. నడుము వెనక పెద్ద అక్షరాలతో ‘హసీదీ హనా సబాబు’ అని ఉంటుంది. ఓర్వలేనివాళ్లకు కారణం అక్కర్లేదని అర్థం. పక్కింటామె నిలదీసిందా, జవాబు సిద్ధం: “రంగు నచ్చి కొన్నాను తల్లీ, నిన్నెవరన్నారు?”

కెన్యా, టాంజానియా తీరంలో స్వాహిలీ ఆడవాళ్ల ఒంటిమీద కనిపించే నూలుబట్ట ఇది. పొడవు సుమారు మీటరున్నర, వెడల్పు మీటరు పైచిలుకు. చుట్టూ వెడల్పాటి అంచు పిందో, మధ్యభాగం మ్జీ. కింది అంచుకు కాస్త పైన, గడి కట్టినట్టున్న చోట ఒక వాక్యం. అదే జీనా. మన పంచెల చాపులాగే కాంగాలు రెండేసి అతుక్కునే వస్తాయి. ఆ జత పేరు దోతీ. కొన్నాక మధ్యకు కత్తిరించి, కొసలు మడిచి కుట్టుకోవాలి. ఒకటి నడుముకో చంకల కిందుగానో చుట్టుకుని, రెండోది తలమీంచి భుజాలమీదుగా కప్పుకుంటారు.

పుట్టింది 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో. అప్పట్లో రేవుల్లో అచ్చు చేతిరుమాళ్లు తానులుగా అమ్మేవారు. ఆడవాళ్లు ఆరు రుమాళ్ల బట్ట కొని, మూడేసి చొప్పున రెండు వరసలుగా కలిపి కుట్టుకునేవారని చెబుతారు. అది చూసిన వర్తకులు ఆ కొలతకే అచ్చేయించడం మొదలుపెట్టారు. మొంబాసాలో 1887 నుంచి వ్యాపారం చేసిన భారతీయ మూలాల కాదర్‌దీనా హాజీ ఇస్సాక్ కాంగాలమీద ‘మాలీ యా అబ్దుల్లా’ అన్న ముద్ర ఉండేది. బట్టమీదికి సామెతలు ఎక్కించిన ఘనతా ఆయనకే ఇస్తారు. మొదట అరబిక్ లిపిలో ఉన్న రాతలు తర్వాత రోమన్ లిపికి మారాయి.

జాంజిబార్‌లో బానిసత్వం 1897లో రద్దయింది. అంతదాకా బానిసలకు దక్కింది మెరికానీ అనే ముతక అమెరికా బట్ట, లేకుంటే నీలిమందు అద్దిన కనీకీ. విడుదలైన ఆడవాళ్లు ఆ గుడ్డల్ని వదిలేసి రంగురంగుల కాంగా చుట్టుకుని వీధిలోకి వచ్చారు. ఇక వీళ్లను చూసి ఎవరి మనుషులో గుర్తుపట్టడం కుదరదు.

చేనేత అభిమానులు దీన్ని చూసి పెదవి విరవచ్చు. చేతిమగ్గంతో పని లేదు. చేతి అచ్చుదిమ్మెలు పోయి రోలర్లు, స్క్రీన్లు వచ్చి చాలాకాలమైంది. ఇంగ్లండ్, హాలండ్, జపాన్ మిల్లులు దీన్ని అచ్చేశాయి. టాంజానియా స్వతంత్రమయ్యాక అక్కడి దారెస్సలాంలోని ఉరాఫికీ మిల్లు అందుకుంది. గుజరాత్‌లోని జేత్‌పూర్‌లోనూ కాంగాలు అచ్చవుతాయి. అయినా ఇది స్వాహిలీ వాళ్లదే. ఏ పువ్వు, ఏ రంగు, ఏ మాట చెల్లుతుందో తేల్చేది కొనే ఆడమనిషి. డిజైన్ ఎంత బాగున్నా మాట నచ్చకపోతే మడత విప్పదు.

పెళ్లికూతురికి ఎరుపు, నలుపు, తెలుపు గళ్ల కిసుతు ఉండాల్సిందే. బిడ్డను వీపున కట్టుకోవడానికీ, చావింటికి వెళ్లేటప్పుడు కప్పుకోవడానికీ కాంగాయే. తల్లి కూతురికి పెడుతుంది, భర్త భార్యకు తెస్తాడు. చదివి మరీ తేవాలి, లేదంటే కొంపలో గొడవే.

పార్టీలూ, ఆరోగ్య ప్రచారాలూ కూడా కాంగా ఎక్కాయి. ఒబామా గెలిచినప్పుడు ఆయన బొమ్మతో అభినందనల కాంగా వచ్చింది. అలాంటివాటికి నా దగ్గర మార్కులు తక్కువ. ఎవరు ఎవరినన్నారో చూడగానే తెలిసిపోతే ఇక మజా ఏముంది?