ముఖలింగం వెళ్లే ముందు

శ్రీముఖలింగం వెళ్లినవాళ్లలో చాలామంది దర్శనం చేసుకుని, వంశధారలో కాళ్లు తడుపుకుని, గంటలో తిరుగు బస్సు ఎక్కేస్తారు. దేవుణ్ణి చూస్తారు కానీ గుడిని చూడరు. అదే మనవాళ్లు ఫ్రాన్స్ వెళ్తే గోథిక్ చర్చి ముందు ఆగి, ఇంత ఎత్తు కప్పు ఎలా నిలబడిందని గైడును అడిగి మరీ తెలుసుకుంటారు. ఆ కుతూహలం శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలోని ఈ ఊళ్లోనూ తీరుతుంది. ఒక్క పూట చాలు. కాకపోతే కొంచెం తెలుసుకుని వెళ్లాలి.

తూర్పు గాంగుల పాత రాజధాని కళింగనగరం ఇదేనని శాసనాల ఆధారంగా చెప్పినవారు గిడుగు రామమూర్తి. ఆయన 1863లో ఈ దగ్గర్లోని పర్వతాలపేటలోనే పుట్టారు. వ్యావహారిక భాష కోసం పోరు మొదలుపెట్టక ముందే పాత లిపులు సొంతంగా నేర్చుకుని ఇక్కడి శాసనాలు చదివారు. దేవుడి దీపాలకు ఇచ్చిన దానాలు వాటిలో చాలా కనిపిస్తాయి.

ఊళ్లో చూడవలసిన గుళ్లు మూడు: మధుకేశ్వరం, భీమేశ్వరం, సోమేశ్వరం. అందరూ నేరుగా పెద్ద గుడికే పోతారు. మీరు మాత్రం ఊరి మొదట్లో ఉన్న సోమేశ్వరం దగ్గర ఆగండి. దీనికి మండపం లేదు. గర్భగుడి, దాని మీద శిఖరం, అంతే. కళింగ శైలి పాఠం చెప్పుకోవడానికి ఇంతకన్నా అనువైన గుడి దొరకదు.

ఇలాంటి గుడిని రేఖా దేవళం అంటారు. కింది నిటారు గోడ బాడ. దాని మీద నుంచి లోపలికి వంగుతూ పైకి పోయేది గండి. ఆపైది మస్తకం. అందులో ఉసిరికాయలా చారలున్న గుండ్రటి రాయి ఆమలకం, దాని మీద కలశం. ఇప్పుడు గోడను చూడండి. అక్కడక్కడా నిలువు పట్టీల్లా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ పట్టీలు పాగలు. ఒక్కో వైపు మూడుంటే త్రిరథం, ఐదుంటే పంచరథం. ఇవి పీఠం నుంచి శిఖరం మెడ దాకా తెగకుండా సాగుతాయి కాబట్టే గుడి ఉన్నదానికన్నా ఎత్తుగా తోస్తుంది. మూల పాగల్లో చిన్న చిన్న ఆమలకాలు వరసగా కనిపిస్తాయి. వాటిని లెక్కపెడితే శిఖరాన్ని ఎన్ని అంతస్తులుగా ఊహించారో తెలిసిపోతుంది.

ఇక్కడి శిఖరాన్ని మోసే కమాను లేదు. ఒక వరస రాళ్ల మీద మరో వరసను కాస్త లోపలికి జరిపి పేర్చుకుంటూ పోయారు. రాయి వెనక భాగం మీద పడే బరువే ముందుకు పొడుచుకొచ్చిన భాగాన్ని పడిపోకుండా పట్టి ఉంచుతుంది. ఈ పద్ధతిలో రాళ్లను సున్నం లేకుండా, ఒకదానికొకటి ఒరిసేలా కూర్చి, అవసరమైన చోట ఇనుప బందులు వేసేవారు. బరువంతా నేలలోకే దిగుతుంది. అందుకే గోడలు అంత మందం, గర్భగుడి అంత ఇరుకు.

గోథిక్ మేస్త్రీలది వేరే దారి. పారిస్ దగ్గర సెయింట్ డెనిస్ చర్చిలో ఆ శైలికి నాంది అనదగ్గ భాగానికి 1144లో ప్రతిష్ఠ జరిగింది. అప్పటికి గాంగరాజు అనంతవర్మ చోడగంగుడు ఇంకా రాజ్యం చేస్తున్నాడు. మొనదేలిన కమాను బరువును పక్కలకు తోస్తుంది. ఆ తోపుకు గోడ విచ్చుకోకుండా తర్వాతి మేస్త్రీలు బయట నుంచి ఊతాలు కట్టారు. అలా గోడలు పలచబడి, వాటి చోట రంగుటద్దాలు వచ్చాయి. వాళ్లకు లోపల వెలుతురు కావాలి. మన స్థపతికి గర్భగుడిలో చీకటే కావాలి. పద్ధతులు వేరు కావడానికి సగం కారణం అక్కడే ఉంది.

సోమేశ్వరంలో ఇది పట్టుబడ్డాక మధుకేశ్వరానికి వెళ్లండి. ఇప్పచెట్టులో వెలసిన శివుడని స్థలపురాణం. గుడి ఎనిమిదో శతాబ్దానికీ పదో శతాబ్దానికీ నడుమ కట్టినదని పండితుల అంచనా. ప్రధానాలయం నాలుగు మూలలా చిన్న గుళ్లున్నాయి. అన్నిటికన్నా ఎక్కువసేపు ద్వారాల దగ్గర నిలబడండి. తీగలు, మెలికలు, వాటి మధ్య చిన్న బొమ్మలు చూసేకొద్దీ ఉంటాయి. కళింగ గుళ్లలో రాళ్లు పేర్చాకే గోడల మీద బొమ్మలు చెక్కడం పరిపాటి. అందుకే రెండు రాళ్ల అతుకు ఒక్కోసారి బొమ్మ నడుము మీదుగా పోతుంది. ఈ శైలిలో ద్వారం పైన గ్రహాల వరస కనిపిస్తే లెక్కపెట్టండి. పాత గుళ్లలో కేతువు లేకుండా ఎనిమిదే ఉంటాయి, తర్వాతి వాటిలో తొమ్మిది. కాలం తేల్చడానికి చరిత్రకారులు పట్టుకునే ఆనవాళ్లలో ఇదొకటి.

శ్రీకాకుళం నుంచి నరసన్నపేట మీదుగా సుమారు 45 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి. భక్తి కోసమైతే శివరాత్రికి, ఆ వెంటనే వచ్చే చక్రతీర్థ స్నానానికి రండి. శిల్పం కోసమైతే ఆ రద్దీ రోజులు వదిలేసి కార్తీకం తర్వాత చలికాలంలో రండి. ఎండాకాలం మధ్యాహ్నం రాతి మీద వట్టి కాళ్లు నిలవవు. పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు చెక్కడం లోతు తెలుస్తుంది. బైనాక్యులర్ ఉంటే తెచ్చుకోండి. ఫోటో తీసే ముందు గుడివాళ్లను అడగండి.

ఈ శైలి ఇక్కడే పుట్టిందనడం సరికాదు. భువనేశ్వర్‌లోని పరశురామేశ్వరాలయం ముఖలింగం కన్నా పాతది. అయితే రాజధాని వంశధార ఒడ్డు నుంచి కటకానికి మారిన కాలంలో పూరీ జగన్నాథుడి గుడి కట్టించడం మొదలుపెట్టినవాడు చోడగంగుడే. కోణార్క్ కట్టించిన మొదటి నరసింహదేవుడూ ఆ వంశంవాడే. ఆ మహాలయాలకు ముందు గాంగులు ఏం కట్టారో చూడాలంటే ముఖలింగమే రావాలి. విజయనగరం వైపువాళ్లు సారిపల్లి దిబ్బిలింగేశ్వరాలయం కూడా చూసి పోల్చుకోవచ్చు.

ముఖలింగం పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అయినా బొమ్మలకు పసుపు, కుంకుమ, నూనె పూసే చేతుల్ని ఏ శాఖా ప్రతిరోజూ కాపలా కాయలేదు. వెయ్యేళ్లు నిలిచిన చెక్కడం మన చేతి జిడ్డుకు అరిగిపోకూడదు. కళ్లతో చూడండి, పిల్లలకు చూపించండి, చెయ్యి మాత్రం వెయ్యకండి.