విప్లవాల లెక్కలో పాలేరు ఎక్కడ?

విప్లవాల ఆర్థిక కారణాలు రాసేటప్పుడు మన చరిత్రకారులు ఒకే వరస పట్టుకుంటారు. 1789 ఫ్రాన్సులో రొట్టె ధర, 1917 రష్యాలో భూమి, 1946 తెలంగాణలో వెట్టి, లెవీ ధాన్యం. కడుపు మండింది, జనం లేచారు. ఈ సూత్రం కృష్ణా డెల్టాలో నిలవదు.

1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలవ నీళ్లతో గుడివాడ, బందరు, దివిసీమ పొలాల్లో వరి పండింది. మిగులు చేతికొచ్చిన రైతుల్లోంచే, ముఖ్యంగా కమ్మ కుటుంబాల్లోంచే, కమ్యూనిస్టు నాయకత్వం వచ్చిందని 1956లో సెలిగ్ హారిసన్ రాశాడు. అంటే ఇక్కడ కదిలించింది లేమి ఒక్కటే కాదు. పెరిగే కలిమికి జమీందారు అడ్డు కావడం కూడా.

చల్లపల్లి జమీందారీ మీద పోరాటం నిజం, త్యాగాలూ నిజం. వాటిని మేం తక్కువ చేయడం లేదు. కానీ 1948 ఎస్టేట్ల రద్దు చట్టం రైత్వారీ పట్టా ఎవరికిచ్చింది? సాగు హక్కున్న రైతుకి. అదే పొలంలో దమ్ము చేసి, నాట్లేసి, కోత కోసిన మాల, మాదిగ పాలేరుకి కాగితం మీద హక్కేదీ? 1917 రష్యా భూమి డిక్రీ సొంత కష్టంతో సాగుచేసేవాళ్లకే భూమి అంది. ఇక్కడ దున్నించినవాడు రైతయ్యాడు, దున్నినవాడు కూలీగా మిగిలాడు.

దీన్ని 'వర్గం' అని సరిపెట్టారు. ఉత్త వర్గమే అయితే వాడ ఊరికి అవతల ఎందుకుంది? భూమి ఎవరికి దక్కాలో, కూలి ఎవరు గట్టిగా అడగొచ్చో కులం తేల్చేచోట కులమూ ఆర్థిక కారణమే. 1985 కారంచేడు, 1991 చుండూరు కోస్తా కలిమి మధ్యనే జరిగాయి. విప్లవాల్ని పోల్చేవాళ్లు ముందు పాలేరు ఖాతా విప్పాలి.