కుంగిన ప్రాణాన్ని నిలదీయడం

‘నాతోని ఏమైతది’, ‘నా బతుకింతే’. నిజామాబాద్ జిల్లా ముప్కాల్ పరిసరాల్లో గల్ఫ్ అప్పు తీరని ఇళ్లలో మనిషి పైకి అనకుండానే లోలోపల వందసార్లు అనుకునే మాటలివి. క్రైస్తవ విశ్వాసం వీటికిచ్చే మందు ధైర్యవచనాలను వల్లె వేయడమేనని చాలామంది అనుకుంటారు. బైబిలు చూపే పద్ధతి అంత తేలికైనది కాదు. 42, 43 కీర్తనలు రాసిన భక్తుడు తన ప్రాణాన్నే ఎదురుగా నిలబెట్టుకుని, ఎందుకిలా కుంగిపోయావని అడుగుతాడు. కన్నీళ్లను దాచడు. నీ దేవుడేడని జనం ఎత్తిపొడిచిన సంగతీ దాచడు. ఒకప్పుడు జనంతో కలిసి దేవుని మందిరానికి నడిచిన రోజులను గుర్తు చేసుకుంటాడు, ఇకముందూ స్తుతిస్తానని తనకు తానే చెప్పుకుంటాడు. ఆ వెంటనే దుఃఖం మళ్లీ ముంచుకొస్తుంది. అందుకే అదే ప్రశ్న మూడుసార్లు వస్తుంది. వైద్యవృత్తి వదిలి బోధకుడైన మార్టిన్ లాయిడ్-జోన్స్ 1965లో ఆత్మీయ కుంగుబాటుపై వెలువరించిన పుస్తకాన్ని 42వ కీర్తనతోనే మొదలుపెట్టారు. మనసు చెప్పేదల్లా వింటూ కూర్చోకుండా మనమే దానికి జవాబు చెప్పాలన్నది ఆయన వాదన.

అయితే మనసులోని ఈసడింపు చాలాసార్లు బయటినుంచి వచ్చిందే. కుష్టు సోకినవాళ్లను ఊరు వెలివేసిన రోజుల్లో ‘నేను అంటరానివాణ్ణి’ అన్నది రోగి కల్పించుకున్న మాట కాదు, ఊరు అతని నోట పెట్టిన మాట. కులం పేరిట పడిన మాటలూ అంతే. మరి బాధితుణ్ణే మనసు మార్చుకొమ్మనడం అన్యాయం కాదా? అన్యాయమే, అక్కడితో ఆగిపోతే. మన జిల్లాలోని డిచ్‌పల్లి అక్కడితో ఆగలేదు. మెథడిస్టు మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో అక్కడ కుష్టు ఆసుపత్రి స్థాపించారు. దానికి విరాళమిచ్చినవారు రాజా నర్సాగౌడ్, హిందువు. పుండు కడిగి కట్టు కట్టే చెయ్యి ఉన్నచోట, నువ్వు దేవుని పోలికలో పుట్టినవాడివన్న మాటకు సాక్ష్యం దొరుకుతుంది. ఆ సాక్ష్యం లేకుండా విశ్వాసపు మాట లోపలికి దిగడం కష్టమని నా నమ్మకం.

పాపం గురించి ఎప్పుడూ చెప్పే మతం ఆత్మనిందను ఇంకా పెంచదా అన్నది మరింత గట్టి అభ్యంతరం. కొన్ని ప్రసంగాలు పెంచుతాయి, ఒప్పుకోవాలి. కానీ సరైన ఒప్పుకోలు ‘ఫలానా తప్పు చేశాను’ అంటుంది. దానికి క్షమాపణ ఉంది, దిద్దుకునే దారి ఉంది. ‘నేనే తప్పు’ అన్నది ఒప్పుకోలు కాదు, మనిషి మొత్తం మీద వేసిన శిక్ష. యేసును ఎరగనని బొంకిన పేతురుకు తిరిగి దొరికింది ఛీత్కారం కాదు, గొర్రెలను మేపే బాధ్యత.

ప్రార్థించినా బరువు దిగకపోతే విశ్వాసం చాలలేదని ఎవరూ అనకూడదు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అయినా దాన్ని గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. డిచ్‌పల్లిలో ప్రార్థనా ఉండేది, వైద్యమూ ఉండేది. నిద్ర, ఆకలి పోయి చావు ఆలోచనలు వస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయాలి. ఆ నంబరును పాస్టర్లు ఆదివారం ప్రకటనల్లోనే చదివి వినిపించాలి.