బోథ్ బిడ్డకూ ఓస్లో బిడ్డకూ ఒకే గీత

తెలంగాణలో బోథ్ మండలంలోని అంగన్‌వాడీల్లో పిల్లల బరువు రాసే ఎదుగుదల చార్టు చూడటానికి మామూలు కాగితమే. అడ్డంగా నెలలు, నిలువుగా కిలోలు, ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీలు. నెలనెలా బిడ్డను తూచి ఓ చుక్క పెట్టి, పాత చుక్కతో కలుపుతారు. ఆ పట్టీలను విడదీసే వంపు గీతల వెనక ఉన్న పనితనం తెలిసిన నాటి నుంచి నాకు దాని మీద అపారమైన గౌరవం.

ఆ గీతల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 దాకా బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలతో పాటు మన ఢిల్లీలోనూ దాదాపు 8,500 మంది పిల్లల్ని కొలిపించింది. తల్లిపాలు తాగేవాళ్లను, పొగ తాగని తల్లుల బిడ్డలను, పేదరికం ఎదుగుదలకు అడ్డురాని ఇళ్లవాళ్లనే ఎంచుకున్నారు. ప్రతి బిడ్డనూ ఇద్దరు విడివిడిగా కొలిచేవారు. బరువులో 100 గ్రాములు, పొడవులో 7 మిల్లీమీటర్లు దాటి తేడా వస్తే మళ్లీ కొలవాల్సిందే. అంత ఓపిక పట్టాక తేలిందేమిటంటే, పిల్లల పొడవుల్లోని తేడాల్లో దేశం వల్ల వచ్చేది సుమారు 3 శాతమే. అందుకే గోండు గూడెంలోని పిల్లకూ ఓస్లో పిల్లకూ ఒకే గీత. ‘మావాళ్లు పుట్టుకతోనే పొట్టి’ అని సరిపెట్టుకోవడానికి ఇందులో చోటు లేదు.

కారణం పుట్టుక కాకపోతే బతుకు పరిస్థితుల వైపే చూడాలి. ఆదాయం, చదువు, వైద్యం పెరిగిన దేశాల్లో పసిపిల్లల చావులు తగ్గాయి. బిడ్డ దక్కుతుందన్న నమ్మకం కుదిరాక కాన్పులూ తగ్గాయి. తెలంగాణ కూడా ఆ దారిలో చాలా దూరం వచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడ స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలే. అదే సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం మందికి వయసుకు తగిన ఎత్తు లేదు. అంతకు ముందటి సర్వేలో అది 28 శాతం. ఇంటికి పిల్లలు తగ్గినా వాళ్ల ఒంటికి పట్టే తిండి పెరగలేదని నా బాధ.

ఆ లోటు ఏ ఇంట్లో ఉందో చూపేది ఈ చార్టే. చుక్క ఏ రంగులో పడిందన్న దానికన్నా గీత ఎటు పోతోందన్నది ముఖ్యం. నారింజలో ఉన్నా పైకి సాగే గీత ధైర్యమిస్తుంది. ఆకుపచ్చలోనే ఉన్నా, రెండు నెలలు పడుకున్న గీత అంగన్‌వాడీ టీచరమ్మ చేత తల్లిని అడిగిస్తుంది: విరేచనాలయ్యాయా, ఏ నీళ్లు తాగుతున్నారు, అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం బిడ్డకే అందుతోందా, “పత్తి ఏరవోతే పోరనికి బువ్వ ఎవరు పెడుతున్నరు, చెల్లె?”