సూక్ష్మజీవితో తూకం

వంద గ్రాముల తోటకూరలో ఫోలేటు అనే విటమిన్ ఇంత అని పోషక విలువల పట్టికలో ఒక అంకె ఉంటుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల్లో 528 ఆహార పదార్థాలకు ఇలాంటి అంకెలు వరసగా కనిపిస్తాయి. ఒక్క ఫోలేటు గడి నిండాలంటే ఎంత చెయ్యి తిరిగిన పని జరగాలో తెలిస్తే, ఆ పేజీని గబగబా తిప్పబుద్ధి కాదు.

మాత్రలో ఫోలేటు ఫోలిక్ ఆమ్లంగా ఉంటుంది, దాన్ని కొలవడం అంత కష్టం కాదు. గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలో అది 500 మైక్రోగ్రాములు, ఒకే రూపంలో, నిలకడగా ఉంటుంది. ఆకుకూర సంగతి వేరు. అందులో ఫోలేటుది ఒక రూపం కాదు, పైగా అణువుకు గ్లుటమేట్ అనే చిన్న అణువుల గొలుసు అతుక్కుని ఉంటుంది. వెలుతురు తగిలినా, వేడి తగిలినా, గాలి తగిలినా తరిగిపోతుంది. తాత్సారం చేస్తే కొలవడానికి అసలు సరుకే మిగలదు.

అందుకే పని పసుపు దీపాల కింద మొదలవుతుంది. విటమిన్ సి కలిపిన ద్రావణంలో ఆకును మెత్తగా చేస్తారు. ఆక్సీకరణ దెబ్బ సి విటమిన్ తింటుంది, ఫోలేటు బతికిపోతుంది. ఒక విటమిన్‌ను కొలవడానికి ఇంకో విటమిన్‌ను కాపలా పెట్టడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. తర్వాత మూడు ఎంజైములు. ఒకటి మాంసకృత్తులను, ఒకటి పిండిపదార్థాన్ని విడగొట్టి, వాటిలో చిక్కుకున్న ఫోలేటును వదిలిస్తాయి. మూడోది గొలుసును కత్తిరిస్తుంది. దీన్ని తరచు కోడి క్లోమం నుంచి తీస్తారు. ఎంజైములతో పాటు కాస్త ఫోలేటు కూడా వచ్చి చేరుతుంది కనుక, ఆకు లేకుండా వట్టి ఎంజైములతో మరో నమూనా నడిపి, ఆ మేరకు తీసేస్తారు. ఈ తీసివేతలో పనివాడి నిజాయితీ కనిపిస్తుంది.

ఇక తూచేది లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ అనే బాక్టీరియా. బతకడానికి కావలసినవన్నీ ఉండి, ఫోలేటు ఒక్కటే లేని ద్రావణంలో దాన్ని వేస్తారు. ఫోలేటును అది సొంతంగా తయారు చేసుకోలేదు. ఆకు సారం నుంచి ఎంత అందితే అంతే పెరుగుతుంది. 37 డిగ్రీల వెచ్చదనంలో ఒక రాత్రి గడిచేసరికి, 96 గుంటల ప్లాస్టిక్ పలకలో ఒక్కో గుంట ఒక్కో మోతాదులో మసకబారి ఉంటుంది. ఆ మసకను కాంతితో కొలిచి, తెలిసిన మోతాదులు పోసిన గుంటలతో పోలుస్తారు. గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే వాటిలో కొన్ని పదుల భాగాలు చాలు, ఈ జీవి తేడా చెప్పేస్తుంది.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ఆ తర్వాతి పరీక్ష. ఒకే సారాన్ని పలచన మారుస్తూ వేర్వేరు గుంటల్లో వేస్తారు. లెక్క కట్టాక అన్నీ ఒకే అంకె చెప్పాలి. చెప్పకపోతే ఆకులోని మరేదో బాక్టీరియాకు సాయమో అడ్డమో అవుతోందన్నమాట. ఆ ఫలితాన్ని పక్కన పడేసి మళ్లీ మొదటికి వస్తారు.

బాక్టీరియాతో విటమిన్లను కొలిచే ఈ విద్యను 1939లో స్నెల్, స్ట్రాంగ్ అనే శాస్త్రవేత్తలు రైబోఫ్లేవిన్‌ అనే విటమిన్‌తో నిలబెట్టారు. 1941లో టెక్సాస్‌లో స్నెల్, సహచరులతో కలిసి, నాలుగు టన్నుల పాలకూర నుంచి ఫోలిక్ ఆమ్లాన్ని రాబట్టినప్పుడు ఏ భాగంలో అది ఉందో చెప్పింది బాక్టీరియా పెరుగుదలే. లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కొలత విద్య ఆయనకు కొత్త కాదు. 1925లోనే ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ను రంగు చిక్కదనంతో కొలిచే పద్ధతిని ఇచ్చారు.

మాస్ స్పెక్ట్రోమీటరు అనే పరికరం ఇవాళ ఫోలేటు రూపాలను విడివిడిగా లెక్కపెడుతుంది. బాక్టీరియాకు అది చేతకాదు. అన్ని రూపాలకూ సరిగ్గా సమానంగా స్పందించదు కూడా. ప్రమాణంగా ఏ రూపాన్ని వాడాలో ఆచితూచి ఎంచుకోవాలి. అయినా, పుట్టబోయే బిడ్డల వెన్నుపాము లోపాలను నివారించేందుకు స్త్రీల ఎర్రరక్తకణాల్లో ఫోలేటు ఎంతుందో చూడవలసి వచ్చినప్పుడు, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది ఈ బాక్టీరియా పద్ధతినే.