నోట పలికితేనే పద్యం

చిన్న పద్యాన్ని కళ్లతో చూసి పుస్తకం మూసేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కందమైనా ఆటవెలదైనా కట్టింది చెవి కోసం. పైకి చదవకపోతే అందులో సగం పనితనం మనకు అందదు.

కందాన్నే తీసుకోండి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో ఒకే హల్లు రావాలి. బళ్లో దాన్ని ప్రాస అని నేర్చుకుని, మార్కుల కోసం కింద గీత గీసి వదిలేశాం. పైకి చదివితే ప్రతి పాదం మొదట్లోనూ నాలుక వెళ్లి అదే చోట తగులుతుంది. ‘ల్ల’ లాంటి జంట అక్షరం పడిందా, ఆ తాకిడి ఇంకా బలం. మూడో పాదానికొచ్చేసరికి చెవి దానికోసం ముందే కాచుకుని ఉంటుంది. ఇక సుమతీ శతకం మకుటం చూడండి. కందం చివరి అక్షరం గురువే కావాలి. ‘సుమతీ’ చివర దీర్ఘం. నియమమూ పిలుపూ ఒక్కచోట కలిశాయి. ఆ ‘తీ’ని తొందరపడి మింగేయకూడదు, దాని నిడివి దానికివ్వాలి.

ఆటవెలది నడక వేరు. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు చిన్నచిన్న అడుగులు వేస్తే, వెనకొచ్చే రెండు ఇంద్రగణాలు అంగలు చాపుతాయి. రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే, మళ్లీ చకచకా. గణవిభజన తెలియని పిల్లల నోటికి కూడా ఈ నడక ఇట్టే పట్టుబడుతుంది.

రాగం తీసి పాడాలా? పద్యనాటకంలో ఆ సాగతీతే అందం. ఇంట్లో వేమనకు మాత్రం మాట్లాడే గొంతు చాలని నా నమ్మకం. ముందు సంధులు విప్పుకుని అర్థం కోసం ఒకసారి నెమ్మదిగా, తర్వాత వాటిని మళ్లీ కలిపి ఛందస్సు నడకలో ఇంకోసారి. కందంలో మాట ఒక పాదం దాటి పక్క పాదంలోకి పాకితే ఆగకుండా ఊపిరి పట్టి దాటాలి. ఆ దాటడంలో ఎంత సుఖమో!

బ్రౌన్ ఏరి 1829లో అచ్చు వేయించకముందు నుంచీ వేమన పద్యాలు జనం నోళ్లలో తిరుగుతున్నవే. వాటి కట్టుబడిలోనే అది కనిపిస్తుంది. చాలావాటిలో నాలుగో పాదం మొత్తం మకుటమే, చెప్పాల్సిందంతా మూడు పాదాల్లోనే అయిపోవాలి. మూడోది ముగుస్తుండగానే వినేవాళ్లు నాలుగోది అందుకుంటారు. అందుకే వేమనను ఒక్కణ్నే కూర్చుని చదువుకోవడం నాకు వెలితిగా ఉంటుంది. పక్కింటి పిల్లలు కనిపిస్తే కేకేస్తాను: “రండర్రా, మూడు పాదాలు నేను, నాలుగోది మీరు.”