కథానికాంగములు - ప్రధానాంగము : 'దిద్దుబాటు' పరిశీలనము

కథానికను బోధించునపుడు ఇతివృత్తము, పాత్రలు, నేపథ్యము, సంభాషణము, దృష్టికోణము, ఇంగితార్థము అని అంగములను విడదీసి చూపుట పరిపాటి. విభజించుట దోషము కాదు. విభాగము లేక శాస్త్రము లేదు. కాని ఒక్కొక్క శీర్షిక క్రింద నాలుగేసి వాక్యములు చేర్చి ముగించిన వ్యాసములు పెక్కు మా పరిశీలనకు వచ్చినవి. వానియందు కథ కనబడదు; అవయవముల పట్టిక మాత్రము కనబడును. ఏ యంగము ప్రధానము, తక్కినవి దాని కెట్లు లోబడియున్నవి అను ప్రశ్న వేయనిచో ఈ విభాగము నిష్ఫలమని మా యభిప్రాయము. గురజాడ అప్పారావు రచించిన 'దిద్దుబాటు'ను ఆధారముగా గొని దీనిని నిరూపింప యత్నింతుము.

ఈ కథ 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వెలువడినది. చిరకాలము దీనిని తొలి తెలుగు కథానికగా పరిగణించిరి. 1902లో 'హిందూ సుందరి'లో వచ్చిన భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' మొదలగు రచనలు వెలుగులోనికి వచ్చిన పిదప ఆ ప్రాథమ్యము చర్చనీయమైనది. ఆ వివాదము ఇట అప్రస్తుతము. ఈ రెండు కథల పోలిక మాత్రము మాకు ఉపకరించును. భర్తను భార్య సన్మార్గమునకు త్రిప్పుటయే రెండింటను ఇతివృత్తము. అచ్చమాంబ కథలో భార్య ఎదుట నిలిచి ధర్మము చెప్పును. గురజాడ కథలో భార్య కనబడనే కనబడదు. ఇతివృత్తము సమానమైనను కథలు భిన్నములైనవన్నచో, ఆ భేదమునకు హేతువు ఇతివృత్తమున లేదు, దృష్టికోణమున నున్నది.

సానుల పాట విని రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరిన గోపాలరావు వెంటనే కథకుడును లోనికి బోవును. అతడు చూచినదే మనము చూతుము. అతనికి తెలియనిది మనకును తెలియదు. ఈ నియమమే తక్కిన అంగములను శాసించుచున్నది. నేపథ్యమును గమనింపుడు. దీపము లేని ఇల్లు, తడవి తీసిన అగ్గిపెట్టె, క్షణకాలము వెలిగిన పుల్ల, శూన్యమైన శయ్య - ఇంతకు మించిన వర్ణన లేదు. ఆ చిన్న వెలుగులో మంచము పైభాగమే కనబడినది. అటుపిమ్మట సైతము మంచము క్రింద నేమున్నదో కథకుడు చూపడు. కావున ఇచటి చీకటి అలంకారము కాదు, కథకు ఆధారము.

పాత్రచిత్రణమును ఇట్టిదే. కమలిని కంటికి కనబడకున్నను ఆమె వ్రాసిన లేఖలో సంపూర్ణముగా నున్నది. రాత్రులు తిరుగుటకు భర్త సంఘసంస్కరణ సభలను నెపముగా చెప్పుచుండెను. అతడు నిత్యము అసత్యమాడుటకు తానే కారణమగుచున్నానని, ఆ కారణమును తొలగించి పుట్టినింటికి పోవుచున్నానని ఆమె వ్రాసినది. నిందావాక్యము లేకయే నింద పూర్తియైనది. యజమాని సందేశమును తన లోకజ్ఞానము ననుసరించి తలక్రిందులు చేయు రాముని మాటలు హాస్యమునకే యని తోచును. కాని గోపాలరావుచేత పశ్చాత్తాపమును మరల మరల, స్పష్టముగా పలికించునది ఆ సంభాషణమే.

కడపట మంచము క్రిందనుండి నవ్వును, గాజుల సవ్వడియు వినవచ్చును. ఇది పాఠకుని మభ్యపెట్టు చమత్కారమాత్రమని కొందరు ఆక్షేపింపవచ్చును. చమత్కారమాత్రమైనచో రెండవమారు చదివినపుడు కథ చప్పబడవలెను. అట్లు కాలేదు. ముగింపు తెలిసి చదువునపుడు గోపాలరావు ప్రతివాక్యమునకు అతడెరుగని శ్రోత యొకతె యున్నదని మనమెరుగుదుము. దూత బయలుదేరకమునుపే సందేశము చేరవలసినచోటికి చేరినది. అంతకంటె ముఖ్యమైన సంగతి వేరొకటి కలదు. సభల పేరు చెప్పి భార్యయెదుట పలికిన మాటలు అసత్యములు. ఆమె లేదనుకొని పలికినవి సత్యములు. భార్య వినుచున్నదని తెలిసియున్నచో ఆ పశ్చాత్తాపమును మనము నమ్మియుందుమా? సంస్కరణము నిజమా, నటనయా అను నైతికప్రశ్న దృష్టికోణముచేతనే నిర్ణీతమైనది. ఆ మార్పు తెల్లవారిన పిదప నిలుచునా యన్నది కథ చెప్పదు, చెప్పకుండుటయే ఉచితము.

కమలిని పక్షమునుండి ఈ కథను తిరిగి చెప్పి చూడుడు. ఇతివృత్తము చెడదు, పాత్రలు మారవు. కాని చీకటికి పనిలేదు, లేఖకు బలములేదు, పశ్చాత్తాపమునకు సాక్ష్యములేదు. ఏ యంగమును మార్చిన కథ కూలునో అదియే ఆ కథకు ప్రధానాంగము. అది అన్ని కథలకు ఒకటియే కానక్కరలేదు. ఒక కథకు పాత్ర, వేరొకదానికి నేపథ్యము కావచ్చును. 1842లో హాథార్న్ కథలను సమీక్షించుచు ఎడ్గార్ ఆలన్ పో ప్రతిపాదించిన ఏకఫలసిద్ధి యను లక్షణమునకు సైతము ఇట్టి పరీక్షచేతనే అర్థము స్ఫుటమగును. అంగములను లెక్కించుట పఠనమునకు ఆరంభము మాత్రమే. వాని పరస్పరాధీనతను కనుగొనుటయే విమర్శ. పరిశోధక విద్యార్థులు ఈ పరీక్షను ఇతర కథానికలకు అన్వయించి, మా ప్రతిపాదన నిలుచునో నిలువదో తేల్చుదురు గాక.